బేస్తారం దాంక

శుక్రవారం పదకొండున్నరకి డ్యూటీ దిగి కిందికొచ్చిన యూనిస్‌కి తన కారు అద్దం మీద నల్లటి కాగితం ఒకటి కనిపించింది. నలుపంటే అలా ఇలా కాదు, మాడిన అట్లపెనం నలుపు. పెట్టిన తీరు మాత్రం శుభలేఖ పెట్టినట్టుంది. పల్చటి ప్లాస్టిక్ కవర్లో దోపి, ఎండకి పెళుసెక్కిన వైపరు రబ్బరు విరగకుండా పైకెత్తి, దాని కింద మెల్లిగా జారవిడిచారు ఎవరో.

మిషన్లోంచి చరచరా వచ్చే ఆ జారుడు కాగితం దుబాయ్ జూన్ ఎండకి పది నిమిషాలు కూడా ఆగదు. అచ్చయిన అక్షరాలూ, చుట్టూ ఉన్న తెలుపూ కలిసిపోయి ఒకే ముద్దవుతాయి. కవరు మీద ముందే అచ్చేసిన అంకె మాత్రం చెక్కు చెదరలేదు. రెండు వందల దిర్హమ్‌లు.

యూనిస్ కాగితం తిప్పింది. వెనకవైపు తెల్లగానే ఉంది. నీలం బాల్‌పెన్నుతో, కాపీ పుస్తకంలో దించినట్టు గుండ్రటి తెలుగు అక్షరాలు.

‘తెల్ల బండి. నర్సమ్మది. పొద్దుగాల 8:10 నుంచి 10:40. ముందు టైరు వాల్వు నాలుగు గంటల కాడ ఉన్నది, కదలలే. సోమారం నాడే చెప్పిన, బేస్తారం దాంకనే అని. – లింబాద్రి.’

ఆమెకి కాలిందల్లా ఆ ఆఖరి వాక్యం దగ్గరే. చెప్పాడు, నిజమే. కానీ చెప్పింది పెట్టుకోమనే కదా!

సోమవారం ఈ క్లినిక్‌లో మొదటి రోజు. కాంప్లెక్సు పార్కింగ్ నియమాల బోర్డుని రంగు వేయడానికి పట్టుకెళ్లారట, దాన్ని మోసే రెండు ఇనప గుంజలు మాత్రం ఏమీ తోచనట్టు నిలబడి ఉన్నాయి. ఆ గుంజల సన్నటి నీడలో, ఫోన్లో ఎవరినో “బాయికాడ మోటర్ మల్ల కాలిందా?” అని అడుగుతున్న ఆకుపచ్చ జాకెట్ పార్కింగ్ మనిషిని చూసేసరికి ఆమెకి ప్రాణం లేచొచ్చింది. యాభై దాటిన మనిషి. మెడలో బ్యాడ్జీ, భుజాన పసుపు గుడ్డ.

“అన్నయ్యగారూ, క్లినిక్ స్టాఫండి. పాసిచ్చారు. రోజూ ఇక్కడ పెట్టుకోవచ్చాండి?”

“పాసున్నంక ఎందుకు పెట్టద్దు మేడమ్? పెట్టు. బేస్తారం దాంక ఏం ఫికర్ లేదు.”

యూనిస్‌ది కోనసీమ. బేస్తారం అన్న మాట పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అడగొచ్చు. కానీ పన్నెండేళ్లుగా కేరళ డాక్టర్ల ఇంగ్లిషూ, పఠాన్ల హిందీ, ఈజిప్టు పేషెంట్ల అరబీ సగం విని మిగతా సగం తనే పూరించుకుంటున్న మనిషి, తీరా తెలుగు దగ్గరికొచ్చి అర్థం కాలేదని ఒప్పుకోవడానికి నామోషీ పడింది. మెట్లెక్కుతూనే తేల్చేసుకుంది. బెస్తలంటే చేపలు పట్టేవాళ్లు. బెస్తల వారం అంటే చేపల వారం. కింద సూపర్‌మార్కెట్ ఉంది, అక్కడ చేపలకి జనం విరగబడేది శనివారం. ఆ రోజు చోటు దొరకదు గనక, శనివారం దాకా ఫర్వాలేదంటున్నాడు పాపం. తెలంగాణ మాటలు ఎంత ముద్దుగా ఉంటాయో అని కూడా అనుకుంది.

ఆ ముద్దు ఖరీదు ఇప్పుడు చేతిలో ఉంది.

*

“ఇది టిక్కెట్టా? ఇది బొగ్గు,” అన్నాడు రత్నబాబు.

యూనిస్ భర్త రత్నబాబు అల్ వర్సాన్‌లో ఏసీ సామాన్ల గోడౌన్‌కి స్టోర్‌కీపరు. చట్టం చదువుకోలేదు గాని చట్టం మాట్లాడడం ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఆదివారం ఆరాధన అయ్యాక బిర్యానీ పొట్లాలు పంచేటప్పుడు ఆయన చుట్టూ నలుగురు చేరి వీసా సందేహాలు అడుగుతుంటారు. ఆ నలుగురికీ ఆయన సమాధానం ఒకటే ఉంటుంది, భయపడకండి అని.

“చూడు యూనీ. పోలీసు రాస్తే ముకాల్ఫా. మున్సిపాలిటీ రాస్తే ముకాల్ఫా. అది జరిమానా, దానికి తలొంచుతాం. సొంత స్థలంలో సొంత కంపెనీ వాడు రాసేదేంటో తెలుసా? ఉత్తరం. ఎవరో ఉత్తరం రాశారని డబ్బులు కడతామా?”

“రెండు వందలని రాసుంది కదండీ.”

“నేనూ రాస్తాను, రెండు వేలని. కడతారా? కారు కాగితాలు రెన్యువల్‌కి వెళ్తే కంప్యూటర్లో ఇలాంటివేం కనపడవు. ఇదివరకు రెండొచ్చాయి, ఏం చేశాను?”

ఏం చేశాడో ఆమెకి తెలుసు. ఆ రెండూ కారు డ్యాష్‌బోర్డు అరలో ఉన్నాయి. పరీక్ష పాసైన సర్టిఫికెట్లలా దాచుకున్నాడు.

“మీరు పెట్టింది హోటళ్ల దగ్గర, ఒకసారికి పోయేదండి. నేను రోజూ అక్కడే పెట్టాలి. చక్రానికి తాళం వేస్తే?”

“వేస్తే అప్పుడు చూద్దాం.”

“చూసేది మీరు. ఎండలో నిలబడేది నేను.”

రత్నబాబు ఈ వాదన వినిపించుకోకుండా కాగితం తిప్పాడు. కళ్లజోడు పైకెత్తి చదివాడు. ఒక చోట ఆగాడు. “బేస్తారం ఏంటి? తిట్టేమో?”

“తిట్టు రాసి ఎవరైనా కింద సంతకం పెడతారండీ?”

“అయితే వాళ్ల కంపెనీ కోడ్ అయ్యుంటుంది. వదిలెయ్. మనం కట్టం, ఖలాస్.”

కాగితాన్ని తన సర్టిఫికెట్లలో కలపడానికి లేచాడు. యూనిస్ లాగేసుకుంది. ఆమె బాధ రెండు వందల గురించి కాదు. వార్డులో నోటితో ఒక మందు చెప్పి చేత్తో ఇంకో మందు రాస్తే అది ఎంత తప్పో ఆమెకి తెలుసు. నోటితో పెట్టుకోమని చెప్పి, చేత్తో టిక్కెట్ రాసిన మనిషి, పైగా ముందే చెప్పానని స్వదస్తూరీతో రాసి పెట్టడం ఆమెకి మింగుడు పడలేదు. ఎగ్గొట్టడం వేరు, తప్పని రుజువు చేసి కొట్టేయించడం వేరు. ఆమెకి రెండోది కావాలి.

శనివారం పొద్దున్న కవరు మీద నంబరుకి ఫోన్ చేసింది. అవతల ఆడగొంతు హిందీలో మొదలుపెట్టి, యూనిస్ ఇంగ్లిష్ యాస విని రెండో వాక్యానికే తెలుగులోకి దిగింది. పేరు షహజాదీ. హైదరాబాదు. కంపెనీ ఆఫీసు చూసేది ఆమేనట.

“మీరు ఫికర్ చెయ్యకండి మేడమ్. మంగళారం ఆఫీసుకొచ్చి కంప్లయింట్ రాయండి, రాంగ్ టిక్కెట్ అని కొట్టేస్తం. అటెండెంట్ మీద యాక్షన్ తీస్కుంటం.”

“యాక్షన్ అంటే?”

అవతల కీబోర్డు చప్పుడు ఆగింది. “లింబాద్రి మీద ఇప్పటికే రెండు రాంగ్ టిక్కెట్‌లు ఉన్నయ్ మేడమ్. మూడోది పడితే రూల్ ప్రకారం వీసా రెన్యువల్ చెయ్యరు. ఆయనది ఈ నెల్లనే ఉన్నది.” మళ్లీ చప్పుడు మొదలైంది. “అది మీ పరేషాన్ కాదు లెండి. మంగళారం పదింటికి రండి.”

ఫోన్ పెట్టేశాక యూనిస్ ఆ గుండ్రటి అక్షరాలు మళ్లీ చదివింది. గెలిచినట్టే ఉంది. గెలుపు మాత్రం చేదుగా ఉంది.

*

సోమవారం ఇంజెక్షన్ గది కిటికీలోంచి పార్కింగ్ అంతా కనిపిస్తుందని ఆమె మొదటిసారి గమనించింది. పేషెంటుకీ పేషెంటుకీ నడుమ కర్టెన్ తప్పించి చూడడం మొదలుపెట్టింది. తప్పు పట్టుకుందామనే చూసింది.

లింబాద్రి ఒక కారు దగ్గర ఆగాడు. భుజం మీది పసుపు గుడ్డ తీసి, చిన్న సీసాలోంచి నీళ్లు చల్లి, నంబరు పలకని తుడిచాడు. వెనకదీ తుడిచాడు. ఇసక మరకల్లో మూడు ఎనిమిదిలా కనపడొచ్చు, అది ఇంకెవరి మెడకో చుట్టుకోవచ్చు. ఆ తర్వాతే ఫొటో తీశాడు. గొంతుక్కూర్చుని టైరు వాల్వు ఏ దిక్కున ఉందో చూసి, గడియారంలో ముల్లు చూసినంత శ్రద్ధగా చూసి, రాసుకున్నాడు. అయినా టిక్కెట్ పెట్టలేదు. ఆ చివరిదాకా నడిచి వెనక్కొచ్చాడు. అదే ఆయన ఇచ్చే పది నిమిషాల గడువని ఆమెకి మూడో కారు దగ్గర అర్థమైంది. వాల్వు అక్కడే ఉంటే అప్పుడు మిషన్ నొక్కాడు. కాగితం బయటికి రాగానే, అది నల్లబడక ముందే, దాన్ని తిప్పి మోకాలి మీద పెట్టుకుని మొత్తం మళ్లీ చేత్తో రాశాడు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో, ఎవరూ అడగని పని.

ఇంతలో ఎత్తైన నల్ల కారాయన ఒకడు వచ్చి చెయ్యూపుతూ అరిచాడు. మాటలు వినపడలేదు గాని ముదీర్ అన్న మాట రెండుసార్లు పైదాకా వచ్చింది. మేనేజరుతో చెప్తానంటున్నాడన్నమాట. లింబాద్రి వెనక్కి తగ్గలేదు, ముందుకీ రాలేదు. మెడలోని బ్యాడ్జీ తిప్పి, తన పేరు, నంబరు సరిగ్గా రాసుకోవడానికి వీలుగా ఆయన కళ్లకి ఎదురుగా పట్టుకుని నిలబడ్డాడు. యూనిస్‌కి ఆ రెండు రాంగ్ టిక్కెట్లూ ఎలా పుట్టాయో ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

పదకొండింటికి ఇంజెక్షన్ గది తలుపు ఎవరో వేలితో తట్టారు. లింబాద్రే. చేతిలో చిన్నపిల్లల చెప్పు ఒకటి.

“మేడమ్, గీ చెప్పు ఎవల్లదో జర అడుగున్రి. కింద బండి తలుపు సుత ఏసుకోలే. పిల్లగానికి జరమొచ్చి ఎత్తుకొని ఉరికిండ్రు కావచ్చు. తలుపు నేనేసిన. టిక్కెట్ రాయలే, పిల్లగాడు నిమ్మలమయ్యేదాంక ఉండమను.”

ఆ తండ్రి పక్క గదిలోనే ఉన్నాడు. చెప్పు ఇచ్చి వచ్చేసరికి లింబాద్రి మెట్ల దగ్గర ఉన్నాడు.

“అన్నయ్యగారూ. ఒక్క మాటండి. బేస్తారం అంటే ఏంటండీ?”

ఆయన ఆమెని రెండు క్షణాలు పరీక్షగా చూశాడు. “బేస్తారం అంటే బేస్తారమే. బుధారం తెల్లారి. శుక్రారం ముంగట. శుక్రారం నీ పాసు నడువది.”

“లక్ష్మివారమా!”

“నడుమ లచ్చిమారం యాడికెల్లొచ్చింది మేడమ్?”

యేసు పటం తప్ప వేరే పటం లేని ఇల్లయినా, వాళ్ల నాయనమ్మ నోట గురువారం ఎప్పుడూ లక్ష్మివారమే. అది చెప్పింది. బెస్తలూ, చేపలూ, శనివారం సంగతీ చెప్పింది. లింబాద్రి మెట్ల కమ్మీ పట్టుకుని నవ్వాడు. బ్యాడ్జీ ఎగిరెగిరి పడేలా నవ్వాడు. “చేపల వారమా? అమ్మో, చేపల వారం!” అని పసుపు గుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ఉన్నట్టుండి నవ్వు ఆపేశాడు.

“అంటే నీకు సమజ్ కాలే.”

“కాలేదండి. నేనే అడగాల్సింది.”

“మరి నేను చెప్పినట్టెట్లయితది? ముందు చెప్పిన అని రాసిన గద కాగితం మీద. చెప్పుడంటే ఎదుటోల్లకు తెలిసేటట్టు చెప్పుడు. నేను నోరు కదిపిన, గంతే.” పసుపు గుడ్డ మళ్లీ భుజాన వేసుకున్నాడు. “నువ్వు టిక్కెట్ కొట్టేపిచ్చుకో బిడ్డా. తప్పు నాదని ఇయ్యాలనే రాసిస్త.”

“మీకిది మూడోదంట కదండీ. వీసా కూడా ఈ నెలేనంట.”

“ముందటి రెండు నేను కరెక్టే రాసిన. పెద్దోల్లు లొల్లి చేస్తే కొట్టేసిండ్రు. వాటికి దస్కత్ పెట్టుమంటే పెట్టలే నేను. గిది నిజంగ నా తప్పు. దీనికి పెట్టకుంటే, అప్పుడు పెట్టనిదానికి ఏం ఇజ్జత్ ఉంటది?”

అనేసి, కింద ఇంకో బండి ఆగిన చప్పుడు విని, గబగబా మెట్లు దిగిపోయాడు.

*

మంగళవారం రత్నబాబు సగం రోజు సెలవు పెట్టి మరీ వచ్చాడు. ఇంట్లో సంగతంతా విన్నాడు, తలూపాడు. “ఆయన తప్పని ఆయనే రాసిస్తానంటే మనకేంటి నొప్పి?” అన్నాడు. చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఉంది, ప్రైవేటు స్థలంలో జరిమానాల గురించి ఇంటర్నెట్టులో దొరికిందంతా అచ్చు తీయించాడు. కంపెనీ వాళ్లు ఒక్క మాట అడ్డంగా మాట్లాడితే చదివి వినిపించడానికి.

ఎవరూ అడ్డంగా మాట్లాడలేదు. షహజాదీ నలభై ఏళ్ల మనిషి, నల్ల స్కార్ఫు, ముక్కు చివర కళ్లజోడు. సులేమానీ చాయ్ కప్పులు ముందుకు తోసి, ఫైల్లోంచి ఒక తెల్ల కాగితం తీసింది.

“లింబాద్రి స్టేట్‌మెంట్ ఇచ్చిండు. తెలుగుల రాసిండు. నాకు మాట్లాడొస్తది గాని సదవరాదు మేడమ్. మీరు సదవండి, నేను ఇంగ్లిషుల టైప్ చేస్త. మీరు సదివిందే ఫైల్‌కు పోతది.”

యూనిస్ కాగితం అందుకుంది. అవే గుండ్రటి అక్షరాలు.

‘నర్సమ్మకు నేను బేస్తారం అన్న. వాళ్ల దిక్కు ఆ మాట లేదు. సమజైందా అని అడగలే. తప్పు నాది. టిక్కెట్ కొట్టేయున్రి. – లింబాద్రి.’

పన్నెండేళ్లలో యూనిస్ ఒక్క బీపీ అంకె అటూ ఇటూ చేసి రాయలేదు. అర్ధరాత్రి వేయాల్సిన మందు పావుగంట ఆలస్యమైతే పావుగంట ఆలస్యమనే రాసి, పొద్దున్న డాక్టరు చేత తిట్లు తిన్న మనిషి. ఆమె గొంతు సవరించుకుంది.

“సోమవారం నాడే మేడమ్‌కి, గురువారం దాకా మాత్రమే పెట్టుకోవచ్చని చెప్పాను.”

షహజాదీ వేళ్లు టకటకలాడాయి. రత్నబాబు చాయ్ కప్పు పెదాల దాకా వెళ్లి ఆగింది. ఆయన భార్య భుజం మీదుగా కాగితం మీదికి వంగాడు.

“మేడమ్ విన్నారు. అర్థం కాకపోతే మళ్లీ అడగాల్సింది. అడగకుండా తనకి తోచింది అనుకున్నారు.” యూనిస్ కాగితం మీంచి కళ్లెత్తలేదు. “శుక్రవారం నాడు బండి రెండున్నర గంటలు ఉంది. నంబరు తుడిచి ఫొటో తీశాను. వాల్వు చూశాను. పది నిమిషాలు ఆగాను. నేను రాసిన టిక్కెట్ సరైనదే. లింబాద్రి.”

చివరి టకటక అయ్యాక షహజాదీ కళ్లజోడు మీదుగా కాగితం వైపు చూసింది. ఐదు పొట్టి వాక్యాలు. సగం కాగితం ఖాళీ.

“జరాసి కాగితంల గింత ఉన్నదా?”

యూనిస్ కాగితాన్ని తనవైపు లాక్కుంది. అబద్ధం చదవడం వచ్చింది గాని దాన్ని నిలబెట్టడం ఇంకా రాలేదు.

“ఒత్తులూ గుణింతాలూ ఉంటాయి కదండీ,” అన్నాడు రత్నబాబు. “ఇంగ్లిషులా పరుచుకోదు. తెలుగుకి చోటు తక్కువ పడుతుంది.”

యూనిస్ తల తిప్పి మొగుణ్ని చూసింది. ఆయన చాలా గంభీరంగా చాయ్ తాగుతున్నాడు.

“అయితే టిక్కెట్ కరెక్టే అన్నట్టు,” అంది షహజాదీ. “మరి కట్టాలె.”

రత్నబాబు చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది. నాలుగు మడతల కాగితం అక్కడే ఉంది. ఆ చెయ్యి అక్కడ కాస్త తటపటాయించి, కిందికి దిగి, ప్యాంటు జేబులోంచి పర్సు తీసింది.

“ఇది ప్రైవేటు స్థలమండి,” అన్నాడు నోట్లు బల్ల మీద పెడుతూ.

“అవును.”

“అంటే, కట్టక్కర్లేదని కొందరు అంటారు.”

“కొందరు అంటరు.”

“ఊరికే చెప్తున్నాను. రసీదు ఇవ్వండి.”

షహజాదీ రసీదు మీద స్టాంపు కొట్టింది. లింబాద్రి ఫైల్లో టైపు చేసిన కాగితం పెట్టి దాని మీదా కొట్టింది. తెలుగు కాగితాన్ని మాత్రం ఫైల్లో పెట్టకుండా మడిచి యూనిస్ చేతికిచ్చింది.

“నాకు సదవరాదు మేడమ్. చెవులు మాత్రం మంచిగనే ఉన్నయ్. నిన్న శామ్‌కు లింబాద్రి ఇదే కాగితం నాకు రెండుసార్లు సదివి వినిపిచ్చి పోయిండు.” కళ్లజోడు తీసి తుడుచుకుంది. “ఆయన కన్నా మీరే మంచిగ సదివిండ్రు.”

ఇద్దరూ కారెక్కారు. సిగ్నల్ దగ్గర రత్నబాబు అన్నాడు, “ఆరాధనలో ఎవరికీ చెప్పకు.”

“అబద్ధం చదివాననా అండీ?”

“నేను కట్టానని.”

*

గురువారం పొద్దున్న యూనిస్ కారు దిగుతుంటే లింబాద్రి పసుపు గుడ్డతో ఎదురొచ్చాడు. మొహంలో సంతోషం కన్నా అనుమానం ఎక్కువ ఉంది.

“మేడమ్, వీసా కాగితం మీద దస్కత్ అయిందని ఫోన్ చేసిండ్రు. టిక్కెట్ పైసల్ సుత కట్టినవట నువ్వు. ఎందుకు కట్టినవ్? నేను రాసిచ్చింది సదివిండ్రా లేదా?”

“చదివామండి.”

“మొత్తం?”

“మొత్తం.”

“మరి ఏమన్నరు?”

యూనిస్ పాసు తీసి అద్దం వెనక పెట్టింది. “చేతిరాత బాగుందన్నారు.”

లింబాద్రి ఆమె మొహంలోకి చూశాడు. వాల్వు ఎక్కడుందో చూసేటప్పటి చూపు అది. వంగి ఆమె బండి నంబరు పలక మీది ఇసక తుడవడం మొదలుపెట్టాడు.

“ఇయ్యాల లచ్చిమారం,” అన్నాడు తుడుస్తూనే. “రేపు బండి తేకు. తెస్తే రాస్త.”

“రాయండి. బేస్తారం దాకానే కదా, ఇప్పుడు తెలుసు నాకు.”

బోర్డు రంగు వేసుకుని తిరిగొచ్చింది. పైన అరబీలో, కింద ఇంగ్లిషులో, రోజులూ గంటలూ మెరిసిపోతున్నాయి. దాన్ని దాటి మెట్లవైపు వెళ్లబోతూ యూనిస్ ఆగింది. బోర్డుని మోసే ఇనప గుంజకి నడుమెత్తున చిన్న అట్టముక్క కట్టి ఉంది. నీలం బాల్‌పెన్ను, గుండ్రటి అక్షరాలు.

‘బేస్తారం అన్నా, లచ్చిమారం అన్నా, గురువారమే. చేపల వారం కాదు.’

కింద సంతకం కూడా ఉంది.